సీసాలో బొద్దింక... చేటలో పట్టుపురుగు!

పోయిన వారం ఉసిరికాయ ఊరగాయ గురించి చెప్పుకున్నాం. ఈ వారం చింతకాయ పచ్చడి చెబుతానని మాట కూడా ఇచ్చాను. కానీ చిత్తూరు నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చదివాక, చింతకాయల్ని ఇంకో వారం చెట్టునే ఉండనిద్దాం అనిపించింది.

ఆ ఉత్తరం సారాంశం ఇదీ. ‘‘మా అబ్బాయి రెండో తరగతి. నెల రోజులుగా ఒక బొద్దింకను హార్లిక్స్ సీసాలో పెట్టి పెంచుతున్నాడు. మూతకు మేకుతో చిల్లులు కూడా పెట్టాడు. రోజూ బిస్కెట్టు పొడి వేస్తాడు. పారేస్తానంటే అన్నం మానేస్తున్నాడు. మా అత్తగారేమో, బిడ్డను పెంచే తీరు ఇదేనా అని నన్ను దెప్పుతున్నారు. వాడికేమైనా తేడా ఉందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?’’

అమ్మా, ముందు నువ్వు కాస్త మంచినీళ్ళు తాగి కూర్చో. మీవాడికి ఏ తేడా లేదు. చిన్న ప్రాణాన్ని దగ్గర పెట్టుకుని, దానికింత తిండి పెట్టి, అది తింటుంటే చూడాలని ప్రతి బిడ్డకూ ఉంటుంది. నీకు లేదూ? మా చిన్నతనంలో వానలు పడగానే తుమ్మచెట్ల మీద బంగారు పురుగులు దొరికేవి. వీపు మీద ఆకుపచ్చ మెరుపు! అగ్గిపెట్టె ఖాళీ చేసి, నాలుగు తుమ్మాకులు వేసి, పురుగును అందులో పెట్టి బడికి తీసుకుపోయేవాళ్ళం. గుడ్లు పెట్టిందా లేదా అని గంటకోసారి పెట్టె తెరిచి చూసేవాళ్ళం. అయ్యవారికి దొరికితే తొడపాశం! మన సీమ పల్లెల్లో పుట్టిన ఆడపిల్లల్లో ఈ అగ్గిపెట్టె ఎరగనివాళ్ళు తక్కువ.

మనమే కాదు, లోకమంతా ఉన్న సరదానే ఇది. చైనాలో పాటపాడే కీచురాళ్ళను పంజరాల్లో పెంచడం వందల ఏళ్ళనాటి అలవాటు. జపానులో కొమ్ముల పెంకుపురుగుల్ని పిల్లల కోసం దుకాణాల్లో అమ్ముతారు. అమెరికాలోనూ, యూరపులోనూ బొద్దింకల్నే పెంచుకునేవాళ్ళున్నారంటే నమ్ముతారా? అవి మడగాస్కర్ దీవి బొద్దింకలు. రెండు మూడు అంగుళాల పొడవు, రెక్కలుండవు, పట్టుకుంటే బుస్సుమంటాయి. ఒంటి పక్కల ఉన్న గాలిరంధ్రాల్లోంచి గాలిని నెట్టి ఆ చప్పుడు చేస్తాయి. వాటికో గాజుపెట్టె, దాక్కోవడానికి అట్టముక్కలు, తినడానికి క్యారెట్టు ముక్కలు. రెండు మూడేళ్ళు, బాగా చూసుకుంటే అయిదేళ్ళు కూడా బతుకుతాయట. అలాగని మన పిల్లలకు తెప్పిద్దామనుకునేరు! పరదేశపు జీవాలను అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు.

మరి సీసాలో ఉన్న మన ఇంటి బొద్దింక సంగతి? చెబుతాను. దానికి ముందు నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

నిరుడు కార్తీకమాసంలో తిరుపతిలో మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మా మనవడికి ఎనిమిదేళ్ళు. వాడి మంచం కింద ఊడుస్తుంటే ఒక సీసా దొర్లుకుంటూ వచ్చింది. లోపల ఇంత పొడుగు మీసాలతో బొద్దింక! నాకు ఒళ్ళు జలదరించింది. ఆలోచించలేదు. పొయ్యి మీద కాఫీ డికాషనుకు మరుగుతున్న నీళ్ళు సీసాలో పోసి, బొద్దింకతో సహా వీధిలో పారబోశాను. బడినుంచి వచ్చిన పిల్లోడు ఖాళీ సీసా చూశాడు. ఏడ్వలేదు, అరవలేదు. ‘‘అవ్వా, అది నా చేతిని గుర్తుపడతా ఉండింది’’ అన్నాడంతే. రెండు రోజులు నా చేతి ముద్ద తినలేదు.

గుర్తుపట్టడం అదీ ఉత్తమాటే అనుకోండి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తొమ్మిదో ఏట మా మేనత్త నా అగ్గిపెట్టెను బంగారు పురుగుతో సహా కట్టెలపొయ్యిలో వేసింది. యాభై ఏళ్ళయినా ఆ చిటపట నాకు వినిపిస్తూనే ఉంటుంది. అదే పని నేనూ చేశానే అనిపించింది.

అయితే బొద్దింకను ఉండనిచ్చి ఉండాల్సిందా? అదీ కాదు. మా చిన్న మనవరాలికి ఉబ్బసం. చలికాలం వస్తే చాలు, పిల్ల గాలికోసం ఎగబీలుస్తుంది. బొద్దింక రెట్ట, అది విడిచిన పొర, దాని ఎండిన ఒంటి పొడి గాలిలో కలిసి ఉబ్బసాన్ని రేపుతాయి. ఇది వైద్యులంతా ఒప్పుకున్న మాట. పైగా అది కాలువల్లోనూ, మరుగుదొడ్లలోనూ తిరిగిన కాళ్ళతోనే మన అన్నం గిన్నెల మీదికి వస్తుంది. ఆడబొద్దింక అయితే ఇంకా ప్రమాదం. పెద్ద ఎర్ర బొద్దింక పెట్టే ఒక్కో గుడ్లసంచిలో పదిహేను దాకా గుడ్లుంటాయి. ఫ్రిజ్ వెనకా, మిక్సీ కిందా చేరే చిన్న బొద్దింకకయితే ముప్ఫై, నలభై! సీసా మూత ఒక్కసారి సరిగ్గా పడకపోతే వంటిల్లంతా వాటి కాపురమే.

ఆ చిన్నదాన్ని జర్మన్ బొద్దింక అంటారు. పేరు జర్మనీదే గానీ పుట్టిల్లు మన వైపే! 2024లో శాస్త్రజ్ఞులు దాని జన్యువుల్ని పరిశీలించి, సుమారు 2,100 ఏళ్ళ క్రితం భారతదేశంలోనో బర్మాలోనో మనుషుల ఇళ్ళకు అలవాటుపడి ఈ జాతి వేరుపడిందని తేల్చారు. మన వంటిళ్ళలోనే తిని పెరిగి లోకమంతా తిరిగొచ్చిందన్నమాట!

కాబట్టి చిత్తూరు చెల్లెలికి నా సలహా. సీసా ఇంట్లోంచి పోవాల్సిందే. కానీ వాడు బడికి పోయినప్పుడు దొంగతనంగా వద్దు, వేడినీళ్ళు అసలే వద్దు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని కారణం చెప్పు. ఇద్దరూ కలిసి భూతద్దంతో ఒకసారి దాన్ని చూడండి. ఇంటర్‌లో బై.పి.సి. చదివినదానివైతే గుర్తు తెచ్చుకో. దాని రక్తానికి ఎరుపు ఉండదు, దాని గుండెకు పదమూడు గదులు. ఇవి చెబితే వాడి కళ్ళు ఎంత పెద్దవవుతాయో చూడు! తర్వాత ఏం చేయాలో వాడికి చెప్పి, వాడికి తెలిసేలాగే చెయ్యి. సీసాను సబ్బునీళ్ళతో కడిగి, చేతులూ కడిగించు. ఆ తర్వాత, వాడి చేతులు ఖాళీగా ఉంచకు. పెంచుకోదగిన పురుగునొకదాన్ని ఇవ్వు.

‘మళ్ళీ పురుగేనా?’ అంటారా? అవును, పురుగే! మన జిల్లా ఆడవాళ్ళు తరతరాలుగా ఇంట్లో పెట్టుకుని బిడ్డల్లా సాకుతున్న పురుగు. పట్టుపురుగు.

పాత చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం, వి.కోట, బైరెడ్డిపల్లె, మదనపల్లె వైపు పోయి చూడండి. అటు మైసూరు సీమను ఆనుకుని, నేల ఎత్తుగా, ఎండాకాలంలోనూ కాస్త చల్లగా ఉంటుంది. మైసూరు రాజ్యంలో టిప్పు సుల్తాను కాలంలో నాటుకున్న పట్టు పని సరిహద్దు దాటి మన ఊళ్ళకూ వచ్చింది. ఇవాళ దేశంలో ముడిపట్టు తీయడంలో కర్ణాటక తర్వాత స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసే పట్టుచీరలు మీలో చాలామంది బీరువాల్లో ఉండే ఉంటాయి. మన తిరుపతిలోనే, 1983లో మొదలైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో, పట్టుపురుగుల పెంపకం ఆడపిల్లలకు ఒక చదువుగానే చెబుతున్నారు. పురుగును పెంచడం నామోషీ అయితే అది డిగ్రీ దాకా వచ్చేదా చెప్పండి!

మా చిన్నాడబిడ్డను ఇచ్చింది పలమనేరు దగ్గర పల్లెలోకి. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి పక్కనే పురుగుల షెడ్డు. నిరుడు ఆ సీసా గొడవ తర్వాత మనవణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కాను. నన్ను చూసి మా ఆడబిడ్డ ఒకటే నవ్వు. ‘‘ఏంది వదినా, పెళ్ళయిన కొత్తల్లో పురుగుల ఇంట్లోకి రమ్మంటే గడప తొక్కనంటివే! ఇప్పుడు పెట్టెలో పెట్టుకొని ఎత్తకపోతావా?’’ అంది.

షెడ్డులో అడుగుపెట్టగానే మావాడు ‘‘అవ్వా, వాన పడతా ఉంది’’ అన్నాడు. వాన కాదు. వేలకు వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతున్న చప్పుడది. అచ్చం కొబ్బరాకుల మీద సన్నవాన పడినట్టే ఉంటుంది. ఆ చప్పుడు విన్నాక వాడు బొద్దింక పేరెత్తలేదు.

రెండో జ్వరం దాటిన పురుగులు ఇరవై లెక్కపెట్టి ఇచ్చింది ఆడబిడ్డ. జ్వరమంటే మన జ్వరం కాదండోయ్. పట్టుపురుగు గుడ్డు నుంచి గూడు దాకా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో మేత మానేసి, తల పైకెత్తి, జపం చేస్తున్నట్టు కదలకుండా ఉంటుంది. దాన్నే రైతులు ‘జ్వరానికి కూర్చుంది’ అంటారు.

సరే, ఇక ఎలా పెంచాలో చెబుతాను. కావలసిన వస్తువులన్నీ మన ఇంట్లో ఉండేవే.

మొదటిది, ఇల్లు. ఒక పాత వెదురు చేట గానీ, చెప్పుల అట్టపెట్టె గానీ చాలు. అడుగున పాత న్యూసుపేపరు పరచండి. పైన దోమతెర గుడ్డ కట్టండి. పట్టుపురుగులకు ఊజి ఈగ అని ఒక శత్రువుంది. అది పురుగు మీద గుడ్డుపెడితే దాని పిల్ల పురుగును లోపల్నుంచి తినేస్తుంది. తెర ఉంటే ఆ భయం లేదు. చీమలకు మన పాతకాలపు మందే. చేటను ఒక పీట మీద పెట్టి, పీట కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచండి. పాల అలమరకు మన అమ్మమ్మలు చేసిన పనే కదా! బల్లి అందుకోని చోటు చూసుకోండి.

రెండోది, మేత. మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ తినవు. మన పెద్దవాళ్ళు కంబళిచెట్టు అనేవాళ్ళు, నల్లటి పండ్లు కాసేది, అదే. ముందు ఆకు ఎక్కడ దొరుకుతుందో చూసుకున్నాకే పురుగుల్ని తెచ్చుకోండి. ఒక్కో పురుగు జీవితకాలంలో పాతిక గ్రాముల దాకా తింటుంది. ఇరవై పురుగులకు వృథాతో కలిపి కిలో ఆకు చాలు. అందులో మూడొంతులకు పైగా చివరి వారంలోనే తినేస్తాయి, జాగ్రత్త! చిన్నప్పుడు లేతాకు సన్నగా తరిగి, పెద్దయ్యాక ముదురాకు అలాగే వేయాలి. రోజుకు మూడు నాలుగుసార్లు. మందు కొట్టిన తోట ఆకు అసలు పనికిరాదు. తడి ఆకూ వద్దు. కడిగితే గుడ్డతో తుడిచి ఆరబెట్టి వేయండి. మిగిలిన ఆకును కవరులో చుట్టి ఫ్రిజ్‌లో, కొత్తిమీర పెట్టినట్టే, మూడు రోజులు దాచుకోవచ్చు. తీసిన వెంటనే చల్లగా వేయకుండా కాసేపు బయట ఉంచండి.

మూడోది, శుభ్రం. రోజూ పొద్దున కొత్త ఆకుల రెమ్మను పైన పెడితే పావుగంటలో పురుగులు దాని మీదికి ఎక్కుతాయి. రెమ్మను పక్కకు తీసి, పాత కాగితాన్ని ఎండిన ఆకులతో, నల్లటి మిరియాల్లాంటి రెట్టతో సహా తీసేయడమే. అది గులాబీ కుండీలకు మంచి ఎరువు. పురుగుల్ని వేళ్ళతో పట్టి లాగకూడదు. పట్టుకునేముందు చేతులు కడగాలి, తర్వాతా కడగాలి.

నాలుగోది, జ్వరం వేళ. తల పైకెత్తి కదలకుండా ఉంటే మేత ఆపండి. పిల్లలు ‘చచ్చిపోయింది’ అని ఏడుస్తారు. ‘కొత్త చొక్కా వేసుకుంటోంది’ అని చెప్పండి. ఒక రోజు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పెట్టెలో తేమ ఉంటే పల్చగా పొడిసున్నం చల్లవచ్చు. అన్నీ లేచాకే మేత మొదలుపెట్టాలి.

అయిదోది, అన్నింటికన్నా ముఖ్యం. దోమల బిళ్ళ, దోమల చుట్ట, బొద్దింకల మందు, అగరొత్తుల పొగ, ఇవేవీ ఆ గది దరిదాపులకు రాకూడదు. పొగాకు అంటిన చేత్తో ఆకు వేసినా చాలు, పురుగులు వాంతి చేసుకుని చస్తాయి. మా ఇంటాయనకు చుట్ట అలవాటుంది. ‘‘తాతా, నువ్వు ఈ పక్కకు రావొద్దు’’ అని మావాడు గడప దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు. నలభై ఏళ్ళుగా నేను చెబితే వినని మనిషి, ఆ నెల రోజులూ వీధి అరుగు దాటి లోపలికి చుట్ట తేలేదు!

ఆరోది, కాలం. ఇవి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. పలమనేరు నుంచి మొగిలి ఘాటు దిగి చిత్తూరు వచ్చేసరికే వేడి తేడా తెలుస్తుంది. తిరుపతి ఎండల్లో వీటిని పెట్టుకోవడం పాపం. కార్తీకం నుంచి మాఘం దాకా అయితేనే పూనుకోండి. పురుగులు ఎక్కడ దొరుకుతాయంటారా? ఆ వైపు పట్టు రైతులు మీకు చుట్టాలో తెలిసినవాళ్ళో అయితే పది ఇరవై ఇవ్వడానికి వెనకాడరు. లేదా ఊళ్ళో పట్టుపరిశ్రమ శాఖ ఆఫీసులో అడగండి. రైతులకు చిన్న పురుగుల్ని పెంచి ఇచ్చే చాకీ కేంద్రాలు ఎక్కడున్నాయో చెబుతారు.

మా ఇంట్లో పద్దెనిమిదో రోజుకు పురుగులు పండాయి. ఒళ్ళు పారదర్శకంగా, పచ్చద్రాక్షపండులా అవుతుంది. మేత ముట్టదు. తల ఊపుతూ మూలలు వెతుక్కుంటుంది. షెడ్డులో అయితే వెదురు చంద్రికల మీద వదులుతారు. మేం కోడిగుడ్ల అట్ట పెట్టాం. ఒక్కో గుంతలో ఒక్కో పురుగు! నోట్లోంచి దారం తీస్తూ, ఎనిమిది అంకెలా తల తిప్పుతూ, మూడు రోజుల్లో తన చుట్టూ తానే తెల్లటి గూడు కట్టేసుకుంది. ఆ ఒక్క గూడులో దారం దాదాపు కిలోమీటరు పొడవు, మధ్యలో తెగకుండా! మావాడు రాత్రి పదింటిదాకా టార్చి వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. ఇరవైలో రెండు దక్కలేదు. పద్దెనిమిది గూళ్ళు కట్టాయి.

ఇంతవరకూ ముచ్చటే. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

గూళ్ళు చూపిద్దామని ఆడబిడ్డకు ఫోను చేశాం. ఆమె అప్పుడే తన పంటను మదనపల్లె గూళ్ళ మార్కెట్టుకు వేస్తోందట. ‘‘మార్కెట్టులో ఏం చేస్తారు?’’ అని మావాడు నన్నడిగాడు. దారం తీస్తారన్నాను. ‘‘మరి లోపల పురుగు?’’

చెల్లెళ్ళూ, ఇక్కడ నాకు అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. ‘ఎగిరిపోతుందిలే నాన్నా’ అంటే అయిపోయేది. కానీ సీసా సంగతి గుర్తొచ్చింది. ఉన్నమాట చెప్పాను. పురుగు గూడు చీల్చుకుని బయటికొస్తే ఆ పొడుగు దారం ముక్కలవుతుంది. అందుకే ముందే ఆవిరికి పెట్టి, ఉడకబెట్టి దారం తీస్తారు, లోపలిది చచ్చిపోతుంది అని. ఏడెనిమిది కిలోల గూళ్ళకు కిలో ముడిపట్టు వస్తుంది. నా పెళ్ళి పట్టుచీరలోనూ వేల గూళ్ళున్నాయి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోనందుకుని వాళ్ళ చిన్నవ్వనే అడిగాడు, ‘‘నీకు బాధ లేదా?’’ అని. ఆమె ఏమంటుందోనని నేను హడలిపోయాను. ఆమె నెమ్మదిగా అంది: ‘‘ఉండాది నాయనా. నెల దినాలు బిడ్డల మాదిరి సాకినాను గదా. రాత్రి రెండుకి లేచి ఆకేసినాను. గూళ్ళు మూటకట్టే దినం నాకు అన్నం సయించదు. కానీ ఈ పురుగే మీ అత్తను నర్సు చదివించింది. అందుకే పురుగుల ఇంట్లోకి చెప్పులేసుకొని పోను.’’

అంతకన్నా నేనేం చెప్పగలను? మీరే చెప్పండి.

ఆ పద్దెనిమిది గూళ్ళను మాత్రం మావాడు ఉడకనివ్వలేదు. పన్నెండో రోజు తెల్లవారుజామున ఒక్కొక్కటే గూడు తడిపి, దారి చేసుకుని, ముడతల రెక్కలతో బయటికొచ్చాయి పట్టుచిలుకలు. తెల్లగా, బొద్దుగా, దూదితో చేసిన బొమ్మల్లా! వేల ఏళ్ళు మనిషి చేతిలో పెరిగి ఇవి ఎగరడం మరిచిపోయాయి. తినడానికి నోరూ పనిచేయదు. జత కడతాయి, ఆడది నాలుగైదొందల గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో రాలిపోతాయి. అందుకే ‘చెట్టుమీద వదిలేద్దాం’ అనుకోవద్దు. బయట అవి బతకలేవు. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఈ రోజుల్లో పెట్టెను తప్పకుండా వరండాలో పెట్టండి. రెక్కల పొడి వాళ్ళకు పడదు. మా మనవరాలిని నేను కిటికీ అద్దంలోంచే చూడనిచ్చాను.

గుడ్ల సంగతీ చెప్పాలి. తెల్లగూళ్ళు కట్టే రెండు పంటల జాతి గుడ్లు చాలావరకు వెంటనే పిల్లలు కావు, నిద్రపోతాయి. వాటిని శీతల గిడ్డంగిలో ఉంచడమో, ఆమ్లంతో శుద్ధి చేయడమో అవసరం. ఇంట్లో పెట్టిన గుడ్లను ఏ రైతుకూ ఇవ్వకండి. తల్లి నుంచి గుడ్డుకు పాకే పెబ్రిన్ అనే తెగులు ఒకటుంది. 1860లలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మహాశయుడు తల్లిచిలుకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తెగులు లేని గుడ్లనే వాడాలని చూపించాడు. ఇవాళ్టికీ మన గుడ్ల కేంద్రాల్లో అదే పద్ధతి. మన సరదా ఇంకో ఆడబిడ్డ పంట తీయకూడదు కదా!

ఖాళీ గూళ్ళు? మా కోడలు వాటిని పువ్వుల్లా కత్తిరించి దండ చేసి దేవుడి గది తలుపుకు కట్టింది. చిల్లుపడిన గూళ్ళ నుంచి కూడా పట్టు వస్తుందండోయ్. దూదిని వడికినట్టు వడకాలి. మెరుపు తక్కువ, ఖరీదు ఎక్కువ. హైదరాబాదులో చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు 1990ల మొదట్లో ఇలా పురుగును చంపకుండా పట్టు నేసే ప్రయోగాలు మొదలుపెట్టి, దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. అహింసా పట్టు అంటారు. మీకు మనసైతే విచారించండి. నా పాత పట్టుచీరలను నేను పారేయలేదు. కాకపోతే మడత విప్పినప్పుడల్లా చెయ్యి కాస్త నెమ్మదిస్తోంది.

చివరి చిలుక రాలిన రోజు మావాడు దాన్ని తులసికోట పక్కన పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ‘‘అవ్వా, ముద్ద పెట్టు’’ అన్నాడు.

చిత్తూరు చెల్లెలా, మీవాడి సీసా కడిగి ఎండబెట్టి దాచిపెట్టు. పారేయకు. రేపు పలమనేరు నుంచి ఆకు తెచ్చుకునేటప్పుడు పనికొస్తుంది. మీ అత్తగారినీ వెంట తీసుకుపో. ఆవిడకూ ఏ అగ్గిపెట్టె కథో ఉండే ఉంటుంది, అడిగి చూడు!

ఇక వంటింటి బొద్దింకల బెడద ఉన్నవాళ్ళకు ఒక్క మాట. బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార సమానంగా కలిపి, నీళ్ళతో చిన్న ఉండలు చేసి, ఆరబెట్టి, ఫ్రిజ్ వెనకా, సింకు కిందా పెట్టండి. అది విషం, పిల్లలకూ పిల్లులకూ అందకూడదు. కలిపిన గిన్నె వంటకు వాడకండి. రాత్రి అంట్లు కడిగి, సింకు పొడిగా తుడిచి పడుకుంటే సగం బెడద మందు లేకుండానే పోతుంది.

వచ్చే వారం తప్పకుండా చింతకాయ పచ్చడి. ఉప్పూ పసుపూ సిద్ధంగా పెట్టుకోండి. ఉంటాను మరి!